అమ్మకు షుగర్ ఉంది. ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్‌కు చక్కెర అంటుకుంటే పనిచేయదా?

1. కందనవోలు శ్రీను (కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, బుధవారపేట. అమ్మకు అరవై దాటాయి. రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువ) అన్నారు. ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు కీమోతో పాటు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ ఎక్కిస్తున్నారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 8.9 వచ్చింది.

మొన్న డే కేర్ వార్డులో అమ్మ నీరసంగా ఉందని మా చిన్నమ్మ "సెలైన్ బదులు గ్లూకోజ్ బాటిల్‌లో కలిపి పెట్టండి సిస్టర్" అని అడిగింది. "ఈ మందు గ్లూకోజ్‌లో కలపకూడదమ్మా" అని ఒక్క మాట చెప్పి సిస్టర్ పక్క బెడ్డుకు వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక మా బావ ఇంకో బాంబు పేల్చాడు. ఆయన మందుల కంపెనీలో సేల్స్‌లో ఉంటాడు. "ఇవి యాంటీబాడీలు, వీటికి చక్కెర పట్టే గుణం ఉంది. అత్తకు ఒంట్లోనే చక్కెర ఎక్కువ. మందు రక్తంలో కలిసిన వెంటనే పాడైపోతుంది. ముందు షుగర్ దించి, తర్వాత ఎక్కించుకోండి" అన్నాడు.

డాక్టర్ గారు ఆపొద్దనే చెప్పారు. కానీ ఓపీలో అంత జనం మధ్య ఎందుకు, ఏమిటి అని అడగలేకపోయాను. తర్వాతి డోసు వచ్చే సోమవారం. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

2. పద్మ క్యూసీ (సొంతూరు ఆళ్లగడ్డ, ఉద్యోగం హైదరాబాద్)

శ్రీనూ, సోమవారం డోసు ఆపొద్దు. మీ డాక్టర్ చెప్పిందే సరి. నేను ఇలాంటి ప్రొటీన్ మందులు తయారుచేసే చోట క్వాలిటీ కంట్రోల్‌లో ఉంటాను. యాంటీబాడీ మీద ఏ చక్కెర ఎంత ఉందో కొలవడమే నా ఉద్యోగం. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ బావ మాటల్లో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, యాంటీబాడీని తయారుచేసే కణమే ఎంజైములతో, ఒక క్రమంలో తగిలించే చక్కెర గొలుసు. దీన్ని గ్లైకోసిలేషన్ అంటారు. ఇది ఉండి తీరాలి. రెండోది గ్లైకేషన్. చుట్టూ ఉన్న గ్లూకోజ్ ఏ ఎంజైమ్ సాయమూ లేకుండా ప్రొటీన్‌కు అతుక్కోవడం. ఇది ఉద్దేశించి చేసేది కాదు, తగ్గించాలని చూస్తాం.

మొదటిది చెబుతాను. ట్రాస్టుజుమాబ్ ఐజీజీ1 రకం యాంటీబాడీ. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు కలిసి వై ఆకారంలో ఉంటుంది. బరువు సుమారు 1,50,000 డాల్టన్లు (అణువుల బరువు కొలత). ఒక్కో బరువైన గొలుసులో 297వ స్థానంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. చక్కెర గొలుసు తగిలేది అక్కడే. మొత్తం బరువులో ఆ చక్కెరల వాటా 2–3 శాతమే. కానీ అది లేకపోతే యాంటీబాడీ కాడ భాగం ఆకారం మారిపోతుంది. క్యాన్సర్ కణాన్ని పట్టుకోవడం వరకు పట్టుకుంటుంది, కానీ దాన్ని చంపడానికి రావాల్సిన రక్షణ కణాల రిసెప్టర్లకు సరిగా తగలదు. ట్రాస్టుజుమాబ్ చేసే పనుల్లో హెర్2 సంకేతాన్ని ఆపడం ఒకటైతే, ఇలా రక్షణ కణాలను పిలవడం ఇంకొకటి.

ఆ గొలుసు కట్టు ఇలా ఉంటుంది, కింద పేర్లన్నీ చక్కెర రకాలే. ముందు రెండు ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్లు, తర్వాత మూడు మానోజ్‌లు, అక్కడి నుంచి రెండు కొమ్మలు. ఒక్కో కొమ్మ మీద మళ్లీ ఒక ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్, దాని చివర గెలాక్టోజ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మొదట్లో ఉన్న చక్కెరకు పక్కన ఫ్యూకోజ్ ఒకటి. గెలాక్టోజ్ లేకపోతే జి0ఎఫ్, ఒకటుంటే జి1ఎఫ్, రెండుంటే జి2ఎఫ్ అని పిలుస్తాం. ఒకే సీసాలో ఇవన్నీ కలిసే ఉంటాయి.

మా ల్యాబ్‌లో పీఎన్‌జీయేజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో ఆ గొలుసులను ప్రొటీన్ నుంచి కోసి, మెరిసే రంగు తగిలించి, కాలమ్ గుండా పంపుతాం. ముందు జి0ఎఫ్ శిఖరం లేస్తుంది. తర్వాత జి1ఎఫ్ రెండు శిఖరాలుగా వస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క గెలాక్టోజ్ ఏ కొమ్మ మీద ఉందనే దాన్ని బట్టి రెండు రూపాలు ఉన్నాయి. చివర్లో చిన్నగా జి2ఎఫ్. ప్రతి బ్యాచ్‌కూ ఈ శాతాలు హద్దులో ఉంటేనే సీసా బయటికి పోతుంది.

గ్లైకేషన్ గురించి సాయంత్రం రాస్తాను. షిఫ్ట్ టైమైంది.

3. ఆంకాలజీ సిస్టర్ (నంద్యాల)

శ్రీను గారూ, గ్లూకోజ్ సంగతి నేను చెబుతాను. ట్రాస్టుజుమాబ్ కాగితంలోనే రాసి ఉంటుంది: 5 శాతం గ్లూకోజ్ ద్రావణంలో కలపకూడదు, ప్రొటీన్ గుంపులు గుంపులుగా కట్టుకుంటుంది అని. అందుకే 0.9 శాతం సెలైన్‌లోనే కలుపుతాం. అమ్మకు షుగర్ ఉందని కాదు, షుగర్ లేనివాళ్లకైనా అంతే. ఆ సిస్టర్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. వార్డులో పది మంది లైన్లో ఉంటే వివరించే తీరిక ఉండదు, ఏమనుకోవద్దు.

అన్ని యాంటీబాడీలకూ ఇదే రూలు అనుకోవద్దు. రిటుక్సిమాబ్‌ను సెలైన్‌లోనూ కలపొచ్చు, 5 శాతం గ్లూకోజ్‌లోనూ కలపొచ్చు. ఏ మందు కాగితం ఆ మందుకే.

440 మిల్లీగ్రాముల సీసా చూసే ఉంటారు. లోపల తెల్లటి పొడి ఉంటుంది. దానితో పాటు వచ్చే 20 మి.లీ. నీళ్లను పొడి మీద సన్నగా, గాజు గోడ వెంట పోస్తాం. ఊపకూడదు. అరచేతుల మధ్య మెల్లగా తిప్పి, నురగ తగ్గేదాకా కొన్ని నిమిషాలు వదిలేస్తాం. మిల్లీలీటరుకు 21 మిల్లీగ్రాములు వస్తుంది. ఆ నీళ్లలో బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి, కలిపిన సీసాను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య 28 రోజుల దాకా వాడొచ్చు. బెంజైల్ ఆల్కహాల్ పడనివాళ్లకు మామూలు స్టెరైల్ వాటర్‌తో కలుపుతాం, అప్పుడు వెంటనే వాడేయాలి.

4. ఆదోని పత్తి (ఆదోని)

అన్నా, అసలు ఈ మందులన్నీ పక్కన పెట్టి చక్కెర, అన్నం పూర్తిగా మానిపించు. క్యాన్సర్ కణం చక్కెర తినే బతుకుతుంది. మానేస్తే ఆకలికి అదే చస్తుంది. మా ఊర్లో ఒకాయన కాకరకాయ రసంతో బాగు చేసుకున్నాడు.

5. నిర్వాహకుడు

మందు మానమని సలహా ఇవ్వడం ఈ వేదిక నియమాలకు విరుద్ధం. తప్పుదోవ పట్టకుండా ఉండేందుకు కింద జవాబు రావాలి కాబట్టి పై పోస్టు తీసేయడం లేదు.

6. కడప డాక్టరు (కడప)

ఆదోని తమ్ముడూ, క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ ఎక్కువగా వాడతాయనేది నిజమే. పెట్ స్కాన్ పనిచేసేదే ఆ ఆధారంతో. కానీ మనిషి ఏమీ తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. అన్నం మానేస్తే ముందు తగ్గేది మనిషి కండ, బరువు. కీమోలో ఉన్నవాళ్లు బరువు కోల్పోతే చికిత్సకు తట్టుకోలేరు. షుగర్ ఉన్నవాళ్లకు డైట్ కావాలి, ఉపవాసం వద్దు. ఇక కాకరకాయ రసం తాగుతూ షుగర్ మాత్రలు, ఇన్సులిన్ కూడా నడుస్తుంటే చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది.

7. పద్మ క్యూసీ

ఇప్పుడు గ్లైకేషన్.

గ్లూకోజ్ నీళ్లలో ఎక్కువ భాగం వలయంగా ఉంటుంది. కొద్ది భాగం విచ్చుకున్నప్పుడు దాని చివర ఆల్డిహైడ్ బయటపడుతుంది. ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లానికి, గొలుసు మొదటి కొసకూ అమైన్ గుంపు ఉంటుంది. ఆ రెండూ కలిస్తే షిఫ్ బేస్ ఏర్పడుతుంది. ఇది మళ్లీ విడిపోగలదు. విడిపోకుండా నిలిస్తే అమడోరి మార్పు జరిగి గట్టిగా అతుక్కుపోతుంది. అలా ఒక గ్లూకోజ్ చేరితే ప్రొటీన్ బరువు 162 డాల్టన్లు పెరుగుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అసలు శిఖరం పక్కన 162 దూరంలో ఇంకో చిన్న శిఖరం కనిపిస్తే, ఓహో గ్లైకేషన్ అనుకుంటాం. జొన్నరొట్టె పెనం మీద రంగు తిరిగేటప్పుడు మొదట జరిగే రసాయన చర్యల్లో ఇదీ ఒకటి.

మీ అమ్మగారి హెచ్‌బీఏ1సీ కూడా సరిగ్గా ఇదే చర్య. అక్కడ గ్లూకోజ్ అంటుకునేది హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉన్న వాలిన్‌కు. 8.9 శాతం హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకున్నా ఆ రక్తం ఆక్సిజన్ మోస్తూనే ఉంది కదా. అంటుకోవడం వేరు, పాడైపోవడం వేరు.

మీ బావకు ఇంకో సంగతి చూపించండి. ఈ యాంటీబాడీని చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో తయారుచేస్తారు. ఆ కణాలు స్టీలు ట్యాంకులో, 37 డిగ్రీల దగ్గర, సుమారు రెండు వారాలు పెరుగుతాయి. వాటికి తిండి గ్లూకోజే. లీటరుకు 4–6 గ్రాముల దాకా గ్లూకోజ్ ఉంచడం చాలా ప్రక్రియల్లో మామూలే. మన ల్యాబ్ రిపోర్టు లెక్కలో అది 400 నుంచి 600 ఎంజీ. అంటే మీ అమ్మగారి రక్తంలో కంటే ఎక్కువ చక్కెరలో ఈదుకుని వచ్చిన మందు ఇది. అక్కడ కొద్ది శాతం గ్లైకేషన్ జరుగుతుంది. దాన్ని బోరోనేట్ కాలమ్‌తో కొలుస్తాం. ఆ సీసాతోనే క్యాన్సర్ కణాల మీద బలం పరీక్ష కూడా చేస్తాం. నెగ్గితేనే విడుదల.

ఎప్పుడూ నష్టం ఉండదని చెప్పను. క్యాన్సర్ కణాన్ని పట్టుకునే కొసలోనే లైసిన్ ఉండి, అక్కడే చక్కెర చేరితే పట్టు తగ్గొచ్చు. అందుకే కొత్త యాంటీబాడీ ఎంచుకునేటప్పుడే ఏ లైసిన్ ఎక్కడుందో చూస్తారు. ట్రాస్టుజుమాబ్‌లో ఎనభైకి పైగా లైసిన్లున్నాయి. గ్లూకోజ్ వాటిలో ఏదో ఒక దానికి అంటుకుంటుంది, అన్నింటికీ ఒకేసారి కాదు.

సీసాలో పొడిగా ఉండే మందులో ట్రెహలోజ్ అనే చక్కెర ఉంటుంది. అదీ చక్కెరే, కానీ దాని ఆల్డిహైడ్ చివర్లు రెండూ ఒకదానికొకటి బిగించుకుని ఉంటాయి. కాబట్టి ప్రొటీన్‌కు అతుక్కోదు, పైగా ఎండబెట్టినప్పుడు ప్రొటీన్ ఆకారం చెదరకుండా కాపాడుతుంది. సుక్రోజ్ కూడా ఇందుకే వాడతారు. అయితే పుల్లటి ద్రావణంలో, వేడిలో ఎక్కువ కాలం ఉంటే సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారి గ్లైకేషన్ మొదలవుతుంది. పీహెచ్, చల్లదనం గురించి మేం అంతగా పట్టుబట్టేది ఇలాంటి కారణాల వల్లే.

8. కందనవోలు శ్రీను

పద్మక్కా, ట్యాంకులో 400 దాటి ఉంటుందన్న మాట చదివి వినిపిస్తే బావ నిజంగా ఆలోచనలో పడ్డాడు. చాలా థాంక్స్. సిస్టర్ గారికి కూడా. ఇంకో భయం చెబుతాను. మాకు ఇచ్చేది ఒరిజినల్ కంపెనీది కాదు, మన దేశంలో తయారైన బయోసిమిలర్ (ఒరిజినల్‌ను పోలి ఉండేలా వేరే కంపెనీ చేసిన మందు). దాని మీద చక్కెర గొలుసు వేరేగా ఉంటుందా?

9. ఎస్కేయూ ఎంఎస్సీ (అనంతపురం)

మేడం, నేను అనంతపురంలో బయోటెక్ చదువుతున్నాను. ఫ్యూకోజ్ తీసేస్తే యాంటీబాడీ బలం పెరుగుతుందని క్లాసులో చెప్పారు. అది ఎలా? ట్రాస్టుజుమాబ్‌లో ఎందుకు తీయలేదు?

10. పద్మ క్యూసీ

ముందు శ్రీనుకు. కొద్దిగా తేడా ఉంటుంది, ఆ తేడా హద్దులో ఉండాలి. ఒరిజినల్ కంపెనీలో కూడా ఒక్కో బ్యాచ్ గెలాక్టోజ్ శాతం ఒక్కోలా ఉంటుంది. ద్రావణంలో మాంగనీస్ కాస్త మారినా గెలాక్టోజ్ మారుతుంది, ఎందుకంటే గెలాక్టోజ్ తగిలించే ఎంజైమ్‌కు మాంగనీస్ కావాలి. 2017లో కొరియాకు చెందిన బయోసిమిలర్ పరిశోధకులు ఒరిజినల్ ట్రాస్టుజుమాబ్ సీసాలనే ఏళ్ల తరబడి పోల్చి చూసి, కొంత కాలపు బ్యాచ్‌లలో ఫ్యూకోజ్ లేని గొలుసులు తగ్గాయనీ, దానితో పాటు కణాలను చంపే బలమూ తగ్గిందనీ ప్రచురించారు. కాబట్టి ఒరిజినల్ అంటే రాతి మీద గీత అని అనుకోనక్కర్లేదు. బయోసిమిలర్ కంపెనీ అలాంటి ఎన్నో ఒరిజినల్ బ్యాచ్‌లు కొని, వాటి హద్దులు కొలిచి, తన మందు వాటి లోపల ఉందని చూపించాలి.

మన దేశంలో ఇది కొత్త పని కూడా కాదు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ బయోసిమిలర్ తెచ్చింది. బయోసిమిలర్లకు మన దేశపు మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2016లో సవరించారు. 2017 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మొట్టమొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ బయోకాన్, మైలాన్ కలిసి చేసిందే. ఈ మందులు రాకపోతే మన జిల్లాల్లో ఎంతమందికి ఈ చికిత్స అందేదో మీరే చూస్తున్నారు. ధైర్యంగా వేయించండి.

ఇక తమ్ముడి ప్రశ్న. ఎన్‌కే కణం అనే రక్షణ కణం మీద సీడీ16ఏ అనే రిసెప్టర్ ఉంటుంది. దాని 162వ ఆస్పరాజిన్ మీద కూడా ఒక చక్కెర గొలుసుంది. యాంటీబాడీ వైపున ఫ్యూకోజ్ ఉంటే ఈ రెండు గొలుసులూ దగ్గరగా కూర్చోవడానికి అది అడ్డం వస్తుంది. ఫ్యూకోజ్ తీసేస్తే పట్టు 50 రెట్ల దాకా పెరిగిందని 2002లో చూపించారు. ఆలోచించు, కొన్ని పరమాణువుల చిన్న చక్కెర ఒకటి, అంత పెద్ద ప్రొటీన్ మీద! ఈ రంగంలో ఎన్నేళ్లు గడిపినా ఈ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఎలా తీస్తారంటే, ఫ్యూకోజ్ తగిలించే ఎఫ్‌యూటీ8 జన్యువును కణంలోంచి తొలగించడం ఒక దారి. మొగములిజుమాబ్, బెన్‌రలిజుమాబ్ అనే యాంటీబాడీ మందులు ఆ దారిలో వచ్చినవే. ఇంకో దారి, కొమ్మల మధ్యలో అదనంగా ఒక ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ చేర్చే ఎంజైమ్‌ను కణంలో పెంచడం. అది ముందు చేరితే ఫ్యూకోజ్ చేరడం తగ్గుతుంది. 2013లో అమెరికాలో ఆమోదం పొందిన ఒబినుటుజుమాబ్ అలా తయారైంది. ట్రాస్టుజుమాబ్‌కు ఆమోదం 1998లో వచ్చింది, ఈ పద్ధతులన్నీ ఆ తర్వాతివి.

11. ప్రొద్దుటూరు రమణ

ఇది చదువుతుంటే మా ఇంటి విషయం అడగాలనిపించింది. మా ఆవిడకు కీళ్లవాతం, రుమటాయిడ్. కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు చాలా తగ్గాయి. కాన్పు తర్వాత మళ్లీ తిరగబెట్టాయి. ఈ యాంటీబాడీ చక్కెరకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

12. కడప డాక్టరు

ఉంది రమణ గారూ, మంచి ప్రశ్న. 1985లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తల బృందం రుమటాయిడ్ రోగుల రక్తంలోని ఐజీజీ మీద గెలాక్టోజ్ తక్కువగా ఉంటుందని చూపించింది. పద్మ గారు చెప్పిన జి0 రకం వాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు ఆ గెలాక్టోజ్ పెరుగుతుంది, కాన్పు తర్వాత తగ్గుతుంది. నొప్పులు కూడా ఆ దారిలోనే తగ్గి, పెరుగుతాయి. గర్భంలో మారేది ఇదొక్కటే కాదు, హార్మోన్లూ మారతాయి. అందుకని కారణమంతా గెలాక్టోజే అని చెప్పలేం. మీ ఆవిడ బిడ్డకు పాలిస్తుంటే ఆ సంగతి రుమటాలజిస్టుకు ముందే చెప్పండి, మందుల ఎంపిక మారుతుంది.

13. ఎస్కేయూ ఎంఎస్సీ

డాక్టర్ గారూ, మేడం, చక్కెర గొలుసు వల్ల రోగికి ప్రమాదం జరిగిన మందు ఏదైనా ఉందా?

14. పద్మ క్యూసీ

ఉంది, సెటుక్సిమాబ్. పెద్దపేగు, తల, మెడ క్యాన్సర్లకు ఇస్తారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, ముఖ్యంగా టెనెసీ, నార్త్ కరోలైనాల్లో, మొదటి డోసుకే చాలామందికి తీవ్రమైన అలర్జీ వచ్చింది. అక్కడి ఒక పరిశీలనలో అలాంటివాళ్లు 22 శాతం. 2008లో కారణం తేలింది. ఆ మందును ఎలుక కణాల్లో చేస్తారు. ఎలుక కణాలు ఆల్ఫా-గాల్ అనే చక్కెర జంటను తగిలిస్తాయి. మన శరీరం దాన్ని తయారుచేయదు. ఆ రోగుల రక్తంలో దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే, అలర్జీ తెచ్చే రకం యాంటీబాడీలు ముందే ఉన్నాయి. ఎక్కడినుంచి వచ్చాయంటే, అక్కడి ఒక రకం పిడుదు పురుగు కాటు వల్ల. అలాంటివాళ్లకే మాంసం తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు వచ్చేవి.

సెటుక్సిమాబ్‌లో ఆ చక్కెర వై ఆకారపు చేతి మీద ఉంది, బయటికి బాగా అందుతుంది. కాడ మీద ఉండే చక్కెర గొలుసు రెండు బరువైన గొలుసుల మధ్య లోపలికి ఒదిగి ఉంటుంది. హ్యామ్‌స్టర్ కణాలు ఆల్ఫా-గాల్‌ను దాదాపు తయారుచేయవు. శ్రీనూ, మీ అమ్మగారి మందు ఆ కణాల్లోదే, ఇది చదివి కొత్త టెన్షన్ పెట్టుకోవద్దు.

15. మెడికల్ షాపు (కర్నూలు, గాయత్రి ఎస్టేట్)

ఎవరైనా మందు బయట కొని తీసుకెళ్తుంటే ఒక మాట. కర్నూలు ఎండల్లో థర్మోకోల్ పెట్టె, ఐస్ ప్యాక్ లేకుండా బస్సెక్కొద్దు. ఐస్ ప్యాక్‌కు సీసా నేరుగా ఆనకూడదు, మధ్యలో అట్ట గానీ గుడ్డ గానీ పెట్టండి. గడ్డకడితే వేడి తగిలినంత నష్టమే. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా మధ్య అరలో ఉంచండి. కరెంటు పోయినా ఫ్రిజ్ తలుపు తెరవకండి.

16. కడప డాక్టరు

శ్రీను గారూ, అమ్మకు షుగర్ గురించి పట్టించుకోవాల్సిన చోటు వేరే ఉంది. కీమోతో పాటు వాంతులు, అలర్జీ రాకుండా డెక్సామెథసోన్ ఇస్తుంటారు. అది స్టెరాయిడ్. ఇంజెక్షన్ రోజు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు చక్కెర బాగా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూసి రాసిపెట్టండి, ఇన్సులిన్ మోతాదు గురించి ముందే అడిగి ఉంచుకోండి. చక్కెర ఎక్కువగా ఉంటే ఇన్‌ఫెక్షన్లు త్వరగా వస్తాయి, కీమోలో అది ప్రమాదం.

రెండోది గుండె. ట్రాస్టుజుమాబ్ కొందరిలో గుండె పంపింగ్ తగ్గిస్తుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మొదలుపెట్టే ముందు, తర్వాత సుమారు మూడు నెలలకోసారి ఎకో (గుండె స్కాన్) తీయించాలి. చివరి ఎకో ఎప్పుడు తీశారు?

17. కందనవోలు శ్రీను

మొదట్లో తీశారు సార్, పంపింగ్ 60 శాతం అని ఉంది. తర్వాత తీయలేదు. మూడు నెలలు దాటిపోయింది. సోమవారం అడుగుతాను. ఒకవేళ ఎకో కోసం డోసు కొన్ని రోజులు వెనక్కి పోతే పరవాలేదా?

18. ఆంకాలజీ సిస్టర్

సోమవారం దాకా ఎందుకు, శనివారమే తీయించి రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి, అప్పుడు వెనక్కి పోవాల్సిన పనే ఉండదు. మూడు వారాల పద్ధతిలో వారంలోపు ఆలస్యమైతే మామూలు డోసే, కేజీకి 6 మిల్లీగ్రాములు, వీలైనంత త్వరగా ఇస్తారు. వారం దాటితే మళ్లీ మొదటిసారి ఇచ్చినట్టు కేజీకి 8 మిల్లీగ్రాముల లోడింగ్ డోసు ఇవ్వాల్సి వస్తుంది. షుగర్ తగ్గేదాకా నెలల తరబడి ఆగడం అన్న మాట ఇంట్లో ఇంకెవరు ఎత్తినా ఇదే చెప్పండి. వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టు, షుగర్ రాసిన కాగితం, అమ్మ బరువు, మూడూ తీసుకెళ్లండి.

19. కందనవోలు శ్రీను

సరే సిస్టర్. రాజ్‌విహార్ దగ్గర ఎకోకు శనివారం పొద్దున టైం దొరికింది. రిపోర్టు వచ్చాక ఇక్కడే పెడతాను సార్, ఒకసారి చూడండి.